కాఫీ నూరడం నేర్పిన పెద్దన్న

సోమవారం పొద్దున వంటింట్లో ఫిల్టర్ పైగిన్నె కడుగుతుంటే ఫోను మోగింది. చేసింది వదినమ్మ. ఇన్నేళ్లలో ఆమె నాకు ఫోను చేసింది లేదు. ఏ కబురైనా పెద్దన్నే చెప్పేవాడు. "తమ్మీ, మీ అన్న లేస్తలేడు" అన్నది. తరువాత, "ఇగ లేవడు" అన్నది.

చేతులు తుడుచుకోకుండానే అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి నడిచాను. నేను చేరేసరికి ఆయన్ను మంచం మీంచి చాప మీదికి దించారు. నిద్రలోనే పోయాడట. నొప్పి తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడట. వదినమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్లకు ఎక్కడ కూర్చోవాలో చేత్తో చూపిస్తోంది.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందు మొదట్లో నలభై ఏళ్లు కాఫీ పొడి కొట్టు నడిపిన మనిషి ఆయన. నాకు చుట్టం కాడు. మా సంఘస్థుడు కాడు. నేను యేసు ప్రభువును ప్రకటించేవాణ్ణి. ఆయన శనివారాలు ఒక్కపొద్దు ఉండి, నుదుట బొట్టుతో కొట్టు తెరిచేవాడు. కొట్టు బోర్డు మీద ఆయన పేరుండేది కాదు. 'కాఫీ పొడి' అని రెండు మాటలు, పక్కన ఒక గింజ బొమ్మ, అంతే. గల్లీలో అందరికీ ఆయన కాఫీ పొడి అన్న. నాకు పెద్దన్న. బోర్డు మీదే పేరు రాయించుకోని మనిషికి నేనిక్కడ పేరు పెట్టను. కానీ ఆయన వల్ల నాకు జరిగిన మేలును దాచుకోను. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే వెనక్కి తిరిగి వచ్చి ఆ మాట చెప్పినవాడు ఒక్కడేనని వాక్యంలో ఉంది. మిగిలిన తొమ్మిదిమందిలో నేనొకణ్ణి కాకూడదని ఇది రాస్తున్నాను.

మా పరిచయం కొట్లాటతో మొదలైంది. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. ఏడో తరగతి తప్పినవాణ్ణి. గోడలకు రంగులు వేసే పనికి పోతూ, మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన గ్రంథం తెరిచి పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. ప్రసంగం నాకెవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే అరవడం నేర్చుకున్నాను. సాయంత్రాలు ఆయన కొట్టుకు ఎదురుగా చేతి మైకు పట్టుకుని నిలబడి, బస్సు కోసం చూస్తున్న జనానికి రాబోయే ఉగ్రతను గురించి చెప్పేవాణ్ణి. సరిగ్గా పశ్చాత్తాపం దగ్గరికి వచ్చేసరికి ఎదురు కొట్టులో పెద్ద మిషన్ మొదలయ్యేది. గింజలు పడేకొద్దీ దాని రొద నా మైకును మింగేసేది. కావాలనే చేస్తున్నాడనుకున్నాను. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగోరోజు రోడ్డు దాటి వెళ్లి, దేవుని మాటకు అడ్డం వచ్చినవాళ్ల గతి ఏమైందో ఫరో దగ్గరి నుంచి మొదలుపెట్టి ఆయనకు వినిపించాను. పొడి కోసం నిలబడ్డవాళ్లు పక్కకు జరిగారు.

ఆయన మిషన్ ఆపలేదు. వేసిన గింజలు అయిపోయేదాకా చూసి, అప్పుడు స్విచ్ కట్టేసి, నా వైపు తిరిగాడు.

"నాకు ఆరుగంటలకే గిరాకీ తమ్మీ. నీది నువ్వు నూరు, నాది నేను నూరుత. ఎవలది మంచిగ వస్తదో జనమే చూస్కుంటరు."

అని, స్టీలు గ్లాసులో కాఫీ పోసి బల్ల మీద పెట్టాడు. కోపంతోనే తాగాను. గ్లాసు సగం కాకముందే కోపం అయిపోయింది. మరునాటి నుంచి ఆయన గిరాకీ తగ్గాకే నేను మైకు పట్టేవాణ్ణి. నేను ప్రార్థనకు తల వంచితే ఆయన స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆగేవాడు. ఈ ఏర్పాటు గురించి ఇద్దరం ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు.

వచ్చినవాళ్లను ఎంత కావాలని ఆయన అడిగేవాడు కాదు. ఎంతమంది తాగుతరని అడిగేవాడు. ఇద్దరుండే ఇంటికి కిలో అడిగితే ఇచ్చేవాడు కాదు. నూరిన పొడి వారం దాటితే వాసన చస్తుందని, చచ్చిన వాసన తన కొట్టు పేరు మీదికే వస్తుందని చెప్పేవాడు. నల్లకుంట నుంచి ఒకాయన వచ్చి కూతురి పెళ్లికి పొడి కావాలని పదిరోజుల ముందే తొందరపెట్టాడు. "పెళ్లిపిల్లను గూడ పదిరోజుల ముందే ముస్తాబు జేసి కూసోవెడ్తరా?" అని పంపేశాడు. పెళ్లినాడు తెల్లవారుతూనే నూరి, వేడి ఆరబెట్టి, తానే ఆటోలో తీసుకుపోయి వంటవాళ్ల చేతికిచ్చి వచ్చాడు.

మిషన్ లోంచి పొడి రాలుతుంటే చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దేవాడు. అందులో ప్రదర్శన ఏమీ ఉండేది కాదు. ఎవరితోనో మాట్లాడుతూనే ఉండేవాడు, వేళ్లు తమ పని తాము చేసుకుపోయేవి. సన్నరవ్వ కంటే సన్నం, పిండి కంటే గరుకు. అదీ ఆయన కొలత. చాప మీద పడుకోబెట్టినప్పుడు కూడా ఆయన కుడిచేతి వేళ్లు రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. చూసి నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

ఇక నా సంగతి. రెండేళ్ల కిందట నా గొంతు పోయింది.

అశోక్‌నగర్‌లో మా కిరాయి ఇంటి ముందుగదిలో ఆదివారం పూట కూడిక జరుగుతుంది. అడ్డా మీద నిలబడి కూలికి పోయే పాలమూరు వాళ్లు, హాస్టళ్లలో ఉండి సర్కారు పరీక్షలకు చదివేవాళ్లు, అంతా కలిసి ఒక నలభై మంది. గది చిన్నది. నేను మాత్రం పెద్ద మైదానంలో లక్షమందికి చెప్పినట్టు చెప్పేవాణ్ణి. ఒక ఆదివారం తీర్పుదినాన్ని గురించి చెబుతుండగా గొంతులో ఏదో తెగినట్టయింది. మాటకు బదులు గాలి వచ్చింది. గొంతు తీగల మీద కాయలు కాశాయన్నాడు డాక్టరు, గడ్డపార పట్టేవాడి అరచేతికి కాసినట్టు. మూడు నెలలు ఒక్క మాట మాట్లాడకూడదన్నాడు. గుసగుస కూడా వద్దన్నాడు. ఆ తరువాత మాట వచ్చినా చిన్నగానే వస్తుందని, మళ్లీ అరిస్తే అదీ పోతుందని చెప్పాడు.

ప్రియులారా, నేను గొంతుతో బతికిన మనిషిని. దేవుడు నన్ను పిలిచాడంటే ఆ పిలుపు నా గొంతులోనే ఉందనుకున్నాను. ధూపం వేయడానికి ఆలయంలోకి వెళ్లి, దూత చెప్పింది నమ్మక, మూగవాడై బయటికి వచ్చిన యాజకుడి కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కొడుక్కు పేరు పెట్టడానికి ఆయన పలక అడిగిన ఘట్టం అభినయించి మరీ చూపేవాణ్ణి. ఇప్పుడు మా ఇంటావిడ నాకొక నోటు పుస్తకం, పెన్సిలు కొనిచ్చింది. ఆ కథలో అంత వినోదం ఎక్కడ దొరికిందో నాకే అర్థం కాలేదు.

కూడిక పలచబడింది. పాటలు పాడి, ఎవరో ఒకరు వాక్యం చదివి, ముప్పావు గంటలో లేచిపోయేవారు. నెల తిరిగేసరికి వచ్చేవాళ్లు పదిహేనుమంది. నా భయం మీకు దాచకుండా చెబుతాను. ఆ గది ఖాళీ అయిపోతే నేనెవరిని? నిచ్చెన ఎక్కి రంగులు వేసే వయసు దాటింది. నాకు వచ్చిన పని ఒక్కటే. అది పోయింది.

పెద్దన్న కొట్టు కూడా ఆ నెలలోనే మూతపడింది. బిల్డింగు కూలగొట్టి కొత్తది కడతామని చెప్పి అందరినీ ఖాళీ చేయించారు. పెద్ద మిషన్‌ను పాత ఇనుము కింద తీసుకుపోయే రోజు నేను వెళ్లాను. నలుగురు మోశారు. ఆయన ట్రాలీ దాకా వెంట నడిచి, మిషన్ మూతికి అంటిన పొడిని భుజం మీది తువ్వాలుతో తుడిచి, అప్పుడు పోనిమ్మన్నాడు. అప్పు ఇచ్చినవాడు ఎదుటివాడి తిరగలిని తాకట్టు పెట్టించుకోకూడదని, అది ప్రాణాన్ని తాకట్టు పెట్టించుకోవడంతో సమానమని ధర్మశాస్త్రంలో ఒక కట్టడ ఉంది. నోటు పుస్తకం తీసి ఆ సంగతి రాసి చూపించాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"మీ దాంట్ల తిరగలి గూడ ఉన్నదా?" అన్నాడు. ఆ రోజంతటిలో ఆయన నవ్వింది అప్పుడే.

ఆయనే దారి చూపించాడు. తనకు మిషన్ లేదు, నాకు గొంతు లేదు, ఇద్దరం ఖాళీయేనని మొదలుపెట్టాడు. "మాట చెప్పరాకపోతే కాఫీనన్న పొయ్యి తమ్మీ. చేతుల గిలాస ఉంటే మనిషి జరసేపు కూసుంటడు" అన్నాడు. పాకెట్ పొడితో కాదు, ఇంట్లోనే గింజలు నూరి పొయ్యాలన్నాడు. వాసన మెట్ల దాకా రావాలట. వాసన తలుపు దాటి వస్తే మనిషి తలుపు దాటి లోపలికి వస్తాడట.

ఆలోచన నాకు నచ్చింది. ఆయన్ను అడక్కుండా మర్నాడే వెళ్లి గ్రైండర్ కొన్నాను. దేన్ని చూసి కొన్నానో చెబితే నేనెలాంటి మనిషినో మీకు తెలిసిపోతుంది. దుకాణంలో ఉన్నవాటిలో ఎక్కువ చప్పుడు చేసేదాన్ని కొన్నాను. ఎంత అరిస్తే అంత పని జరుగుతుందని నా నమ్మకం. డబ్బా అడుగున ఒక బ్లేడు ఉంది. మీట నొక్కితే అది కంటికి కనపడనంత వేగంగా తిరుగుతుంది. రెండు నిమిషాలు వదలకుండా నొక్కిపట్టాను. డబ్బా వేడెక్కింది. ఇల్లంతా మాడు వాసన కమ్మింది. దాన్నే నేను కాఫీ వాసన అనుకుని సంతోషించాను.

ఆ ఆదివారం డికాక్షన్ సగం దిగి ఆగిపోయింది. ఫిల్టర్ నెత్తిన కొట్టాను. మూత తీసి ఊదాను. గరిటె కాడతో నొక్కాను. దిగిన సగం నల్లగా, అడుగున మడ్డితో దిగింది. దానికే పాలు పోసి అందరికీ ఇచ్చాను. తాపీ పనికి పోయే అక్క ఒకామె ఉంది మా కూడికలో, లోపల ఒకటి బయట ఒకటి పెట్టుకునే మనిషి కాదు. ఒక గుక్క తాగి, గ్లాసులోకి తొంగిచూసి, రోడ్డుకు పోసే డాంబర్ ఏమన్నా కలిపిండ్రా బ్రదర్ అని అడిగింది. పరీక్షలకు చదివే తమ్ముడొకడు అందుకున్నాడు. "తప్పు జవాబుకు మార్కులు కోస్తరని ఇన్న గని, ఇట్ల గొంతు కోస్తరని ఇనలేదక్కా." గది గదంతా నవ్వింది. నాకది కొత్త. నేను ప్రసంగించే రోజుల్లో ఆ గదిలో ఎవరూ నవ్వేవారు కాదు.

పెద్దన్న లోపలికి రాలేదు. ఆయన చోటు తలుపు బయట, మెట్ల మీద. ప్రార్థన అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు. తరువాత మిగిలిన పొడి తెమ్మని, అరచేతిలో పోసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది నూరలేదు తమ్మీ, నరికింది. సగం దుమ్ము, సగం పెళ్లలు. దుమ్మేమో బొక్కలు మూస్తది. పెళ్లలల్లకెళ్లి నీళ్లు ఊకెనే జారిపోతయ్. ఇగ మాడుడు వేరే."

చాలా గట్టిగానే తిప్పానని నోటు పుస్తకంలో రాసి చూపించాను. ఆయన చదివి, "గదే చెప్తున్న" అన్నాడు.

మంగళవారం ఇద్దరం నారాయణగూడ పోయాం. ఆయన జేబురుమాలులో రెండు గుప్పెళ్ల వేయించిన గింజలు మూటకట్టి తెచ్చాడు. చౌరస్తాకు కాస్త ఇవతల వంటింటి సామాన్లు అమ్మే దుకాణం ఉంది. గల్లాలో నడివయసు అక్క కూర్చుని ఉంది. 'బర్ గ్రైండర్ చూపించండి' అని రాసి ఇచ్చాను. ఆమె చదివి, నా ముఖంలోకి చూసి, వీధి చివరికి వినిపించేటంత గొంతుతో, చేతులు తిప్పుతూ, ఉన్నదని, ఇంత ఎత్తు ఉంటదని చెప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి అలిసిపోయి పెద్దన్న వైపు తిరిగింది.

"ఈయనకు అసలే వినవడదా పెద్దాయనా?"

"వినవడతది బిడ్డా. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటుండు."

నేను పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.

బర్ గ్రైండర్ అంటే వింత వస్తువేమీ కాదు. మన తిరగలికి కరెంటు పెట్టినట్టు. పళ్లున్న చక్రాలు రెండుంటాయి. ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది. గింజ ఆ సందులో నలిగి కిందికి జారిపోతుంది. సందు ఎంతో పొడి అంత. ఒకసారి నలిగి కిందపడింది మళ్లీ పైకి వచ్చి దెబ్బలు తినదు. ఆమె మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్దన్న వాటి రంగు చూడలేదు, పెట్టె మీద రాసింది చదవలేదు. మొదటిదాని పైచక్రం ఊడదీసి పళ్ల మీద గోరు నడిపాడు. ఏడాదికి నున్నగైతది అని పక్కన పెట్టాడు. రెండోదానికి పళ్లు మంచివే. కానీ మోటారు మరీ వేగంగా తిరిగి, గుప్పెడు గింజలకే వేడెక్కింది. పొడి వేడెక్కితే వాసన నూరేటప్పుడే గాలిలో పోతుంది, గ్లాసు దాకా రాదు అన్నాడు. నాకు మాత్రం ఆ రెండోదే నచ్చింది. 'దీని మోటారు పెద్దది' అని రాశాను.

"నీకింక మోటారు పిచ్చి పోలే" అన్నాడు.

మూడోది చూడ్డానికి చిన్నది. లోపల ఉక్కు పళ్లు శంకువు ఆకారంలో ఉన్నాయి. నిదానంగా తిరుగుతుంది. పక్కన మనిషి మాట వినిపించేటంత చప్పుడే చేస్తుంది. రుమాలు మూట విప్పి మిగిలిన గింజలు అందులో పోశాడు. వచ్చిన పొడిని ఒక కరపత్రం వెనకవైపు తెల్లకాగితం మీద పల్చగా పరిచి, కాగితాన్ని అటూ ఇటూ వంచి చూశాడు. రెండు వేళ్లతో రుద్దాడు. అప్పుడు ఆమెను మూడు సంగతులు అడిగాడు. పైచక్రం స్క్రూడ్రైవరు లేకుండా చేత్తో ఊడి వస్తుందా, కడగడానికి కాదు, బ్రష్షుతో దులుపుకోవడానికి. పళ్లు అరిగితే కొత్తవి విడిగా దొరుకుతాయా. సందు పెంచే తగ్గించే రింగు మీద సన్నానికీ ఇంకా సన్నానికీ నడుమ ఎన్ని గీతలున్నాయి. చివరి ప్రశ్నే పెద్దదట. ఫిల్టర్ కాఫీ బతికేదీ చచ్చేదీ ఆ రెండు మూడు గీతల్లోనే. అందరూ గ్యారంటీ ఎన్నాళ్లని అడుగుతారు గానీ ఇవి అడిగినవాళ్లు లేరని ఆమె అన్నది. ఈసారి మామూలు గొంతుతోనే అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు దారిపొడుగునా చెప్పాడు. కాఫీలో కలిపే చికోరీ వేరును గింజలతో కలిపి మిషన్‌లో వేయవద్దు, తేమ పట్టి పళ్లకు అతుక్కుంటుంది. పొడిగా కొనుక్కుని తరువాత కలుపుకో. గింజలు పోసే గిన్నెను నిండా నింపి ఉంచకు, ఆ పూటకు కావలసినంతే వెయ్యి. పొడి డబ్బాకు అంటుకుని ఎగురుతుంటే, వేసే ముందు తడివేలితో గింజలను ఒక్కసారి కలుపు. ఒక్కసారే. నేను తల ఊపుతూ నడిచాను. ఒక మనిషి చెబుతుంటే ఇంత దూరం అడ్డం రాకుండా విన్నది నా జీవితంలో అదే మొదలు.

విన్నానే గానీ బుద్ధి ఒకేరోజు మారలేదు. మొదటివారమే మిషన్‌ను అన్నిటికంటే సన్నగా నూరే గీతకు తిప్పాను. ఎంత సన్నమైతే అంత శ్రేష్ఠం అనుకున్నాను. అదీ ఆగి ఉన్న మిషన్‌ను, పళ్ల మధ్య గింజలుండగా తిప్పాను. చక్రం ఇరుక్కుపోయింది. స్విచ్ వేస్తే మూలుగు తప్ప కదలిక లేదు. కొన్న వారానికే కాల్చేశాననుకున్నాను. మా ఇంటావిడ ఫోను చేస్తే పెద్దన్న వచ్చాడు. పైచక్రం ఊడదీశాడు. చీపురుపుల్లతో ఒక్కొక్క ముక్కా కెలికి తీశాడు. నన్ను తిట్టలేదు.

"ముతకకు ఎప్పుడన్న తిప్పుకో. సన్నానికి తిప్పాలంటే మాత్రం అది తిరుగుతుండంగనే తిప్పాలె, ఒక్కొక్క గీత. ఆగిన మిషన్‌ను సన్నం జేస్తనంటే ఇరుక్కుంటది తమ్మీ."

ఆయన గ్రైండర్ గురించే చెప్పాడు. ఆయనకు ఉపమానాలు రావు. అది నా జబ్బు. కానీ ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకుంటుంటే చెయ్యి ఆగింది. పని పోయి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, బిడ్డను పోగొట్టుకుని కదల్లేని తల్లిని, ఇంకా పరిశుద్ధంగా రావాలి, ఇంకా, ఇంకా అని నేను ఎన్నిసార్లు తిప్పానో గుర్తుకొచ్చింది. వాళ్లు ఇరుక్కుపోయారు. నేను వాళ్లను అవిశ్వాసులన్నాను.

ఆ తరువాత ఆదివారం డికాక్షన్ సక్రమంగా దిగింది. చుక్కలు చుక్కలుగా, మొదటి పాట అయ్యేసరికి కింది గిన్నె నిండింది. వాసన నిజంగానే మెట్ల దాకా పోయింది. కాఫీ పోస్తూ ఒక్కొక్కరి ముందూ ఆగాల్సి వచ్చేది. ఆగితే మాట్లాడేవారు. నేను జవాబు చెప్పలేనని తెలుసు గనుక ఇంకా మాట్లాడేవారు. తాపీ అక్కకు కూడా పెద్దబిడ్డ జ్వరంతో పోయిందని నాకప్పుడు తెలిసింది. ఆమె మా కూడికకు తొమ్మిదేళ్లుగా వస్తోంది. పరీక్షల తమ్ముడు మూడోసారి తప్పి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక ఇంకా ఫలితాలు రాలేదంటున్నాడని తెలిసింది. కాపరినని చెప్పుకున్నవాణ్ణి, నా మంద గోడు నాకు తెలియదు. తెలియనివ్వకుండా తొమ్మిదేళ్లు నేను ప్రసంగించాను. నెమ్మదిగా గది మళ్లీ నిండింది. చెప్పులు మెట్ల మీదికి కూడా వచ్చాయి. పెద్దన్న వాటిని పక్కకు జరుపుకుని కూర్చునేవాడు.

మూడు నెలలు దాటాక మాట వచ్చింది. డాక్టరు చెప్పినట్టే వచ్చింది, చిన్నగా, గరగరగా. స్నానాల గదిలో తలుపు వేసుకుని ఒక వాక్యం చెప్పి చూసుకున్నాను. నీళ్ల చప్పుడులోనే కలిసిపోయింది. ఆ గొంతుతో ప్రసంగానికి నిలబడను అనుకున్నాను. మా ఇంటావిడతో గొంతు ఇంకా కుదరలేదన్నాను. కూడికలో పెద్దలను వాక్యం చెప్పమని, నేను కాఫీ పోసేవాడిగానే ఉండిపోయాను. వినయం అనుకున్నారు. వినయం కాదు, సిగ్గు. ఇచ్చిన తలాంతును మట్టిలో పాతిపెట్టిన దాసుడి మీద నేను ఎన్ని నిప్పులు కురిపించానో మా వాళ్లకు తెలుసు. పాతిపెట్టడం ఎంత సులువో నాకిప్పుడు తెలిసింది.

ఒక్క పెద్దన్నే వదిలిపెట్టలేదు. ప్రతి ఆదివారం మెట్ల మీద గ్లాసు అందుకుంటూ, ఇయ్యాల నువ్వు చెప్తవా తమ్మీ అని అడిగేవాడు. వచ్చే వారం అన్నా అనేవాణ్ణి. మీకెందుకంత పట్టింపని ఒకసారి విసుక్కున్నాను. మీరు మా దేవుణ్ణి నమ్మినవారు కూడా కాదు కదా అన్నాను. ఆయన నొచ్చుకోలేదు.

"ఇరవై ఏండ్లు నీ మైకు ఇన్న. నిన్ను ఇనలే" అన్నాడు.

కొండ మీద నిలబడ్డ ప్రవక్త ముందు పెనుగాలి వీచింది, భూమి కంపించింది, అగ్ని దిగింది. దేవుడు వాటిలో లేడు. ఆ తరువాత వచ్చిన మెల్లని స్వరంలో ఉన్నాడు. ఆ కథ నేను ఎలా చెప్పేవాణ్ణో మీకు చెప్పనా? గాలికి ఒక అరుపు, భూకంపానికి ఒక అరుపు, అగ్నికి ఇంకొకటి. మెల్లని స్వరం దగ్గరికి వచ్చేసరికి సమయం అయిపోయేది.

చివరి ఆదివారం కూడా ఆయన వచ్చాడు. గ్లాసు ఖాళీ చేసి, పొడి మంచిగ పడ్డది అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు. అలవాటుగా అడిగాడు. అలవాటుగా వచ్చే వారం అన్నాను. మంచిది అని, రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాడు. సోమవారం పొద్దున వదినమ్మ ఫోను చేసింది. ఏడాదికి పైగా నేను వాయిదా వేసిన వారాలన్నీ ఆ ఒక్క ఫోనుతో తీరిపోయాయి.

పదకొండోరోజు కార్యానికి వెళ్లాను. తంతు అయిపోయి పంతులుగారు వెళ్లిపోయారు. ముందుగది నిండా మనుషులు. బంధువులు కొందరు, మిగిలినవాళ్లంతా పొడి కొన్నవాళ్లు. రాంనగర్ వాళ్లు, అడిక్‌మెట్ వాళ్లు, మా తాపీ అక్క కూడా. కుర్చీలు చాలక గుమ్మం దాకా నిలబడ్డారు. మే నెల ఎండ, పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. అన్నాలకు ముందు వదినమ్మ నన్ను పిలిచి, మీ అన్న గురించి రెండు మాటలు చెప్పు తమ్మీ అన్నది. మీ వాళ్లంతా ఉన్నారు, నేను వేరే మతం వాణ్ణి, పైగా నా గొంతు సంగతి తెలుసు కదా, ఎవరికీ వినిపించదు అన్నాను.

"ఆయన ఇంటనన్నది గా గొంతే గద" అన్నది ఆమె. "ఆయన ఇనకుండనే పాయె. నేనన్న ఇంట. చెప్పు."

గోడ పక్కన నిలబడ్డాను. గ్రంథం చేతిలోనే ఉంది, తెరవలేదు. "ఈయన నాకు చుట్టం కాడు" అని మొదలుపెట్టాను. గుమ్మం దగ్గర ఎవరో వినవడ్తలేదన్నారు. పాత రోజుల్లో అయితే ఆ మాటకు గోడలు అదిరేవి. కడుపులోంచి ఆ అరుపు లేచింది కూడా. దాన్ని అక్కడే ఉండనిచ్చాను. మళ్లీ మొదటి నుంచి, అదే గొంతుతో, "ఈయన నాకు చుట్టం కాడు" అన్నాను.

వెనక వరుసలోనివాళ్లు కుర్చీలు చేతుల్తో ఎత్తుకుని ముందుకు తెచ్చుకున్నారు. గుమ్మంలో నిలబడ్డవాళ్లు చెప్పులు విప్పి లోపలికి వచ్చి కింద కూర్చున్నారు. వదినమ్మ లేచి, గోడ పట్టుకుని రెండడుగులు నడిచి, ఫ్యాను కట్టేసింది. గాలి ఆగింది. గిరగిర తగ్గుతూ తగ్గుతూ, ఇంతసేపూ ఒకే చక్రంలా కనిపించిన దానిలోంచి మూడు రెక్కలు విడివిడిగా బయటపడ్డాయి. అందరి నుదుళ్ల మీదా చెమట పట్టింది. నేను చెప్పడం అయ్యేదాకా ఎవరూ స్విచ్ వైపు చూడలేదు.